మేక వదిలినవి, పిల్లి కొరికేవి

వానలు తక్కువగా పడే నేల మీద ఏ మొక్క కనిపించినా, అది అక్కడ ఇంకా ఎలా మిగిలి ఉందన్న ప్రశ్న వేసుకోవడం మంచిది. మార్కాపురం నుంచి కంభం మీదుగా గిద్దలూరు దాకా, నల్లమల కొండల తూర్పు అంచున సాగే ఉమ్మడి ప్రకాశం జిల్లా పడమటి భాగంలో, ఎండాకాలం ముదిరే నాటికి బాటల పక్కన ఇంకా పచ్చగా ఉన్నవేవో లెక్కపెడితే ఆ ప్రశ్నకు సగం జవాబు దొరుకుతుంది: జిల్లేడు, ఉమ్మెత్త, ఆముదం, గన్నేరు, తంగేడు, బీళ్ళ నిండా సర్కారు తుమ్మ. వీటిలో సర్కారు తుమ్మ ముళ్ళ వల్ల మిగిలింది, తక్కినవి తమ రసం వల్ల మిగిలాయి. మేకలూ గొర్రెలూ రోజూ నడిచే దారిలో నోటికి రుచించే ఆకు ఎంతోకాలం నిలవదు గనుక, కరువు సీమలో కంటికి ఆనే పచ్చదనం చాలావరకు మేక వదిలేసిన పచ్చదనమే. ఇంట్లో నాలుగు కుండీలు పెట్టుకోవాలనుకునే వారికి, ఆ ఇంట్లోనే ఒక పిల్లి కూడా తిరుగుతున్నప్పుడు, ఈ సంగతి గుమ్మంలోకి వచ్చి కూర్చుంటుంది. ఎందుకంటే నీళ్ళు పెద్దగా అడగనిది, ఎండకు ఓర్చేది, వారం రోజులు మరచిపోయినా చావనిది అంటూ ఏరి తెచ్చుకునే మొక్కల్లో చాలా భాగం మేక వదిలేసిన ఆ జాబితాలోవో, వాటి దాయాదులో అయి ఉంటాయి.

దీనికి వృక్షశాస్త్రంలో ఒక వివరణ ఉంది. 1985లో కోలీ, బ్రయంట్, చేపిన్ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు ప్రతిపాదించిన ‘వనరుల లభ్యత’ సిద్ధాంతం ప్రకారం, నీరూ సారమూ పుష్కలంగా ఉన్నచోట పుట్టిన మొక్కకు ఆకు చౌక కాబట్టి, ఏ జంతువో వచ్చి నాలుగు తింటే మరో ఎనిమిది తొడుగుతుంది. బీద నేలలో మెల్లగా పెరిగే మొక్కకు మాత్రం ప్రతి ఆకూ కూడబెట్టిన సొమ్ము వంటిది, పోతే తిరిగి రావడం కష్టం, అందువల్ల అది తన సంపాదనలో కొంత భాగాన్ని కాపలాకు ఖర్చు పెడుతుంది. ఇది ప్రతి మొక్కకూ తప్పక వర్తించే సూత్రం కాదు, ఒక మొగ్గు మాత్రమే. అయితే ఆ కాపలా ముల్లు రూపంలో ఉన్నదా, విషం రూపంలో ఉన్నదా అన్నదానిలో గృహస్థులకు చాలా తేడా ఉంది. ముళ్ళ మొక్క లోపల తియ్యగా ఉండవచ్చు; నాగజెముడు పండు తిన్న పిల్లలకు ఆ సంగతి తెలుసు, వాళ్ళ నోళ్ళు ఎర్రబడడం వల్ల పెద్దలకూ తెలిసిపోతుంది. విషం దాచుకున్న మొక్క చూడడానికి సాధువుగా ఉంటుంది. ముల్లున్నదాన్ని కుండీలో పెట్టి నట్టింట్లో ఉంచుకోవడానికి ఎవరూ ఇష్టపడరు కాబట్టి, గుమ్మం దాటి లోపలికి వచ్చేది ఎక్కువగా ఆ సాధువే.

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్న సామెత పుట్టిన సందర్భం ఏదైనా, పల్లెల్లో వైద్యం మొదలయ్యేది పెరటి నుంచే. కాలిన చోట కలబంద, దగ్గుకు వాము ఆకు, మూత్రపిండాల్లో రాళ్ళకు రణపాల అంటూ ఈ ప్రాంతపు ఇళ్ళలో ఇవాళ్టికీ కుండీల్లో పెంచే మొక్కలు మూడూ కరువుకు తట్టుకునేవే, మూడూ మందులుగా పేరుపడినవే, మూడూ పిల్లికి పడనివే. ఈ మూడు గుణాలూ ఒకచోట చేరడం యాదృచ్ఛికం కాదు. మొక్క తనను తినవచ్చినవారి ఒంట్లో ఏదో ఒక పనిని ఆపడానికో చెడగొట్టడానికో తయారు చేసుకున్న పదార్థాన్నే మనిషి కొలతగా తీసుకుని మందు అన్నాడు. బిళ్ళగన్నేరు నుంచి రక్త కేన్సరుకు వాడే విన్‌క్రిస్టిన్ వచ్చింది. నల్లమలలో తొలకరి తరువాత నిప్పురేకుల్లాంటి పూలు పూసే అడవినాభి దుంపలోని కాల్చిసిన్ కీళ్ళవాపుకు మందుగా చెల్లుతోంది. రెండూ కొలత తప్పితే విభజన చెందే కణాలను అక్కడికక్కడే నిలిపివేసే విషాలు. రణపాలలోనూ గన్నేరులోనూ జిల్లేడులోనూ ఉన్నవి గుండె కండరంలోని సోడియం, పొటాషియం రాకపోకలను అడ్డుకునే పదార్థాలు. మోతాదు దాటితే గుండె లయ తప్పుతుంది. పెరటి మందు అంటే మచ్చికైన విషం అని చెప్పుకోవచ్చు. ఆ మచ్చిక మనిషితో కుదిరిందే తప్ప ఇంట్లోని తక్కిన ప్రాణులతో కుదిరింది కాదు.

పిల్లి సంగతి అందులోనూ ప్రత్యేకమైనది. మనిషి, కుక్క, ఆవు, మేక మొదలైన జంతువుల కాలేయం, తిండితో పాటు లోపలికి వచ్చిన పరాయి పదార్థాలను బయటికి పంపడానికి వాటికి గ్లూకురోనిక్ ఆమ్లమనే ఒక చక్కెర సంబంధ పదార్థాన్ని జోడిస్తుంది. అలా జోడిస్తే అవి నీటిలో కరిగి మూత్రంలో వెళ్ళిపోతాయి. గ్లూకురోనిడేషన్ అని పిలిచే ఈ పనిని చేసే ఎంజైములలో ముఖ్యమైన ఒకదాన్ని తయారు చేయవలసిన జన్యువు, యూజీటీ1ఏ6 అనేది, పిల్లి జాతిలో చెడిపోయి మూలపడి ఉంది. పిల్లి పూర్వికులు తరతరాలుగా మాంసం మాత్రమే తిని బతికినందువల్ల, ఆకులలోని ఫినాల్ వంటి రసాయనాలను విరిచే పని వాటికి పడలేదనీ, వాడని పనిముట్టు తుప్పుపట్టినట్టు ఆ జన్యువు కాలక్రమంలో పనికిరాకుండా పోయిందనీ శాస్త్రజ్ఞులు ఊహిస్తున్నారు. మనుషులు జ్వరానికి అలవోకగా మింగే పారాసెటమాల్ మాత్ర ఒక్కటి పిల్లి ప్రాణం తీయగలగడానికి ఇదే మూలం. వాము ఆకును చిదిమితే వచ్చే ఘాటుకు కారణమైన కార్వాక్రాల్ ఒక ఫినాలే. తులసిలోని యూజినాల్ కూడా ఫినాలే. తులసి కోటలో ఎత్తున ఉంటుంది, ఘాటైన ఆకు జోలికి పిల్లి తనంతట తాను సాధారణంగా పోదు, కాబట్టి అక్కడ ఆందోళన తక్కువ. ఆ ఆకుల నుంచి తీసిన తైలాల సీసాల మూతలు మాత్రం గట్టిగా బిగించి ఉంచాలి. ఇంటిల్లిపాదికీ సరిపడేది పిల్లికి ఎందుకు సరిపడదని అడిగేవారికి ఇంతకు మించిన సమాధానం అక్కర్లేదు: మాంసాహారిగా పుట్టడం వల్ల పిల్లి పోగొట్టుకున్న విద్య అది.

ఇక్కడ మరో వాదం వినిపించడం సహజం. తరతరాలుగా పల్లెల్లో పిల్లులు లేవా, గన్నేరు చెట్లు లేవా, అవి వీటిని తిని చచ్చాయా అని పెద్దవాళ్ళు అడుగుతారు. ఆ అడగడంలో న్యాయం ఉంది. జొన్న గాదెల కాడ ఎలుకల కోసం చేరిన పిల్లి సగం ఇంటిది, సగం వీధిది. దానికి ఎంచుకునే వీలుంది. కడుపులో బాగాలేకపోతే కాలవ గట్టున గరిక కొరుక్కుంటుంది, గన్నేరును వాసన చూసి వదిలేస్తుంది. పట్టణంలో రెండో అంతస్తు వాటాలో, తలుపులు మూసి పెంచే పిల్లికి ఆ వీలు లేదు. దానికి దొరికే పచ్చదనమంతా యజమాని ఎంచి పెట్టిందే కనుక, ఏమీ తోచని మధ్యాహ్నం పూట అందులో ఏదో ఒకటి కొరుకుతుంది. శ్రీవైష్ణవులు శరణాగతిని వివరించేటప్పుడు మార్జాల కిశోర న్యాయం అనే మాట వాడతారు; కోతిపిల్ల తల్లిని తానే కరచి పట్టుకుంటే, పిల్లికూన మాత్రం తల్లి నోట కరచి ఎక్కడికి చేరిస్తే అక్కడ ఉంటుందని, దాని భారమంతా తల్లిదేనని ఆ మాటకు అర్థం. చెన్నకేశవుని గుడి ఉన్న మార్కాపురంలో ఆ మాట కొత్తది కాదు. తలుపులు మూసిన ఇంట్లో ఎదిగిన పిల్లి కూడా కూనే అవుతుందని, దాని ఎంపికల భారం ఇంటివారి మీదికి వస్తుందని మాత్రం కొత్తగా గుర్తించవలసి వస్తోంది.

మొక్కల అంగట్లో ఆ భారాన్ని ఎక్కువ చేసేవి పేర్లు. పిల్లికి అన్నిటికన్నా ప్రమాదకరమైన ఇంటి మొక్కలుగా పశువైద్యులు చెప్పేవి లిల్లీలు. వీటిలో లిలియం ప్రజాతికి చెందిన అసలు లిల్లీలు, హెమెరోకాలిస్ అనే డే లిల్లీలు పిల్లి మూత్రపిండాలను రెండు మూడు రోజుల్లో పనిచేయకుండా చేస్తాయి. ఆకు నమలడమే అక్కర్లేదు, ఒంటి మీద రాలిన పుప్పొడిని నాకినా, పూలు ఉంచిన జాడీలోని నీళ్ళు తాగినా చాలు. వాంతి చూసి మామూలే అనుకుని మర్నాటి దాకా ఆగితే, సెలైన్ ఎక్కించి కాపాడగలిగే గడువు దాటిపోతుంది. ఇంత గట్టి హెచ్చరిక విన్న గిద్దలూరు ఇల్లాలు వెంటనే పూలకొట్టు వైపు అనుమానంగా చూస్తుంది, ఎందుకంటే తెలుగునాట పూలమ్మేవారు లిల్లీ అనేది నేలసంపెంగను. పెళ్ళి దండల్లో మూరలకొద్దీ వాడే ఆ తెల్లపువ్వు లిలియం కాదు, కిత్తనారల కుటుంబానిది. పీస్ లిల్లీ కూడా లిల్లీ కాదు, చేమ కుటుంబపు మొక్క. మే నెలలో బంతిలా ఒకే ఎర్రపువ్వు పూసే ఫుట్‌బాల్ లిల్లీ ఇంకో కుటుంబానిది, దాని దుంప వేరే రకం విషం. అదృష్టం తెస్తుందని గాజు గిన్నెలో రంగురాళ్ళ మధ్య పెట్టే లక్కీ బ్యాంబూ వెదురే కాదు, డ్రసీనా. అసలు వెదురు ఆకు పిల్లికి హాని చేయదు, ఇది చేస్తుంది. ఒక్క పేరు చూసి భయపడ్డా, ఒక్క పేరు చూసి ధైర్యపడ్డా రెండూ తప్పయ్యే పరిస్థితి ఇది.

దీనికి పక్కనే తెలుగువాళ్ళు పెట్టిన పేర్లను ఉంచి చూడడం ముచ్చటగా ఉంటుంది. గన్నేరు, పచ్చగన్నేరు, బిళ్ళగన్నేరు, దేవగన్నేరు అనే నాలుగూ చూపుకు ఏమంత పోలిక ఉన్నవి కావు. ఒకటి పొద, ఒకటి చిన్న చెట్టు, ఒకటి మోకాలెత్తు మొక్క, మరొకటి ఆకులు రాల్చి మోడై నిలిచేది. వృక్షశాస్త్రంలో నాలుగూ నాలుగు వేర్వేరు ప్రజాతులు. అయినా నాలుగూ అపోసైనేసీ అనే ఒకే కుటుంబం, అందులో పాలుకారే గుణమూ ఘాటైన ఆల్కలాయిడ్లూ గుండెను పట్టే రసాయనాలూ వంశపారంపర్యం. వీటిలో కొన్ని సముద్రాలు దాటి వచ్చిన మొక్కలు. పచ్చగన్నేరూ దేవగన్నేరూ అమెరికా ఖండాలవి, బిళ్ళగన్నేరు మడగాస్కర్‌ది. వచ్చినప్పుడు వాటికి ఏ పల్లెటూరి మనిషో పాత గన్నేరు పేరునే కాస్త మార్చి తగిలించాడు, ఆ తగిలింపు సూక్ష్మదర్శినితో చేసిన వర్గీకరణతో సరిపోయింది. అయిదు రేకుల పువ్వు మెలితిరిగిన తీరు చూశాడో, తుంచితే వచ్చే రసం చూశాడో చెప్పలేము గాని, నర్సరీ చీటీల మీది లిల్లీ కంటే ఆ గన్నేరే నమ్మదగిన లేబులు. తుంచితే పాలుకారే మొక్కను పిల్లి ఉన్న ఇంట్లోకి తేకపోవడం, కొన్ని అమాయకపు మొక్కలను అనవసరంగా దూరం చేసినా, మొత్తం మీద మంచి నియమం.

మనీప్లాంటు విషయంలో తెలుగువారి వంటిల్లే పాఠం చెబుతుంది. చేమాకు కోసినవారికి చేతులు ఎందుకు దురదపెడతాయో తెలియకపోయినా దురద తెలుసు, చింతపండు పులుసులో ఉడికిస్తే అది పోతుందనీ తెలుసు. చేమ, కంద, మనీప్లాంటు, డిఫెన్‌బేకియా, ఆంథూరియం, పీస్ లిల్లీ అన్నీ ఒకే కుటుంబం. వీటి కణాల్లో కాల్షియం ఆక్సలేటు సూదుల కట్టలుగా ఉండి, నమిలినప్పుడు చిగుళ్ళలోకి గుచ్చుకుంటాయి. పిల్లి చొంగ కార్చుకుంటూ ముందరి కాళ్ళతో మూతి రుద్దుకుంటుంది. ప్రాణం పోయే సందర్భాలు అరుదు. సాధారణంగా ఒకసారి అయిన అనుభవమే దానికి బుద్ధి చెబుతుంది గాని, పరీక్ష పెట్టడం ధర్మం కాదు. ఇలాంటి మొక్కలను వదులుకోలేనివారికి పూర్వులు ఒక ఉపాయం చూపే పోయారు, అది ఉట్టి. పాలకుండను కాపాడడానికి పుట్టిన ఆ తాళ్ళ అల్లికలో ఇవాళ మనీప్లాంటు కుండీ వేలాడదీసి దానికి మాక్రమే అనే విదేశీ పేరు పెట్టుకుని నాలుగు రెట్లు ధరకు కొంటున్నారు. పిల్లి శాపాలకు ఉట్లు తెగవన్న సామెతలో పిల్లి ఎంత ఎత్తు ఎగరగలదో చెప్పలేదు. బీరువా, కిటికీ అంచు, కుర్చీ వీపు వంటివి ఉట్టికి ఆరడుగుల లోపల లేకుండా చూసుకోవడం ఇంటివారి పని.

తీసేయవలసినవి తీసేశాక పెట్టవలసినవాటి సంగతి మిగులుతుంది, అసలు ఇంట్లో తోట అంటూ వేయవలసింది ఇక్కడే. పిల్లి ఆకు తినడం జబ్బుకు గుర్తు అని చాలామంది అనుకుంటారు. అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, డేవిస్ ప్రాంగణానికి చెందిన పశువైద్య పరిశోధకులు వెయ్యిమందికి పైగా పెంపకందార్లను అడిగి చూస్తే, నూటికి 71 పిల్లులు కనీసం ఆరుసార్లైనా పచ్చిక తింటూ కనిపించాయనీ, తినేముందు వాటిలో చాలా వాటికి ఏ నలతా లేదనీ తేలింది. పేగుల్లోని పురుగులను తోసివేయడానికి పూర్వికులకు పనికివచ్చిన అలవాటు, పురుగులు లేకపోయినా ఈ తరానికి మిగిలిపోయిందని వారి అభిప్రాయం. అంటే పచ్చిక దానికి తిండి కాదు, ఆనవాయితీ. ఆ ఆనవాయితీ తీరే దారి లేనప్పుడే అది డ్రసీనా మీదికి పోతుంది; కాబట్టి విషపు మొక్కను తీసివేయడం సగం పనే, గడ్డి పెట్టడం మిగతా సగం.

ఇంట్లో మొలక పోయడం తెలుగువారికి నేర్పవలసిన విద్య కాదు. పెళ్ళిళ్ళలో అంకురారోపణ పేరుతో పాలికల్లో పుట్టమన్ను పోసి, నవధాన్యాలు చల్లి, నీళ్ళు చిలకరించి మొలకెత్తిస్తారు. ఎండ తగలని మూలనే, మూడు నాలుగు రోజుల్లోనే అవి లేత పసుపు పచ్చగా లేస్తాయి. ఆ తొమ్మిదింటిలోని గోధుమలే పిల్లికి చాలు. రాత్రి నానబెట్టిన గుప్పెడు గోధుమలను, రెండంగుళాల మట్టి పోసిన వెడల్పాటి పాత్రలో ఒత్తుగా పరిచి, రెండు రోజులు తడిగుడ్డ కప్పి ఉంచి, తరువాత కిటికీ దగ్గరికి జరిపితే వారం తిరిగేసరికి నాలుగైదు అంగుళాల పచ్చిక నిలుస్తుంది. పల్లె జ్ఞానం ఇక్కడ ఒకచోట అడ్డుపడుతుంది, పడనివ్వాలి కూడా: ఇంట్లో గోధుమలు లేకపోతే జొన్నలు ఉన్నాయి కదా అని పోయకూడదు. లేత జొన్నలోనూ, వాన లేక వడలి మళ్ళీ చిగిర్చిన జొన్నలోనూ ధుర్రిన్ అనే పదార్థం విరిగి సైనైడు విడుదలవుతుంది. అలాంటి చేలో పడిన పశువు నాము పట్టి పడిపోవడం మెట్ట రైతులు ఎరిగినదే. పిల్లి కొరికే నాలుగు పోచలకు అంత ప్రమాదం ఉండకపోవచ్చు, అయినా వేరే గింజ దొరుకుతున్నప్పుడు ఆ బేరం దేనికి?

పిల్లి గడ్డి తినే తీరు దగ్గరగా చూడదగినది. అది మేకలా ముందు పళ్ళతో తుంచదు, ఆవులా నాలుకతో చుట్టి లాగదు. ముందు పాత్ర అంచుకు చెంప రాస్తుంది, మీసాలు వెనక్కి మడిచి, ఒక పోచను ఎన్నుకుని, తల బాగా పక్కకు వంచి, దవడ మూలలో కత్తెరలా కలుసుకునే పళ్ళ మధ్యకు ఆ పోచను జొనుపుతుంది. అవి మాంసం కోయడానికి పుట్టిన పళ్ళు, నూరడానికి కావు. అందుకని పోచ నలగదు, పీచు తెగక సాగుతుంది, పిల్లి కళ్ళు సగం మూసి రెండు మూడుసార్లు దవడ కదిపి విసుగుతో విదిలిస్తుంది, సగం నమిలిన పోచ గచ్చు మీద పడుతుంది, మరో పోచ మొదలవుతుంది. ఒక్కోసారి పావుగంట పాటు ఇదంతా జరిగి లోపలికి పోయింది మూడు పోచలే అయి ఉంటాయి. అవి కూడా మర్నాడు పొద్దున పరుపు మీద వెంట్రుకల ఉండతో సహా తిరిగి రావచ్చు.

ఇప్పటిదాకా చెప్పినదంతా ఏ ఊరికైనా సరిపోతుంది. మార్కాపురానికి వచ్చేసరికి నీళ్ళు అడ్డం వస్తాయి. పిల్లికి హాని చేయని ఇంటి మొక్కల జాబితాల్లో మొదటి వరుసలో ఉండేది స్పైడర్ ప్లాంటు. సన్నని పొడుగాకుల మధ్య తెల్లని చార, వేలాడే తీగల చివర పిల్ల మొక్కలు, చూడడానికి గడ్డి దుబ్బులా ఉండి పిల్లికి ఆటవస్తువూ అవుతుంది. ఇది సఫేద్ ముస్లీకి దాయాది, వేళ్ళలో నీరు దాచుకోగలదు, అందువల్ల కరువుకూ నిలుస్తుంది. కాని బోరు నీళ్ళు పోసి పెంచితే నెల తిరిగేలోగా ఆకుల కొనలు కాలినట్టు గోధుమరంగుకు మారతాయి. ఎండ ఎక్కువైందనో నీళ్ళు చాలలేదనో మరిన్ని బోరు నీళ్ళు పోస్తారు, కొనలు మరింత కాలతాయి. కారణం ఫ్లోరైడ్. వేళ్ళు పీల్చిన నీటితో పాటు పైకి వచ్చిన ఫ్లోరైడ్, నీరు ఆవిరై పోయినా తాను పోలేక ఆకు చివర పేరుకుని అక్కడి కణాలను చంపుతుంది. దేశంలో ఫ్లోరోసిస్ జబ్బును మొదట శాస్త్రీయంగా నమోదు చేసింది 1937లో, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీ నెల్లూరు జిల్లాలో, షార్ట్ అనే వైద్యుడూ ఆయన సహచరులూ. ఆ జిల్లా పడమటి తాలూకాలైన పొదిలి, దర్శి, కనిగిరి, కర్నూలు జిల్లా నుంచి వచ్చిన మార్కాపురం, గిద్దలూరులతో కలిసి 1970లో ఏర్పడిన కొత్త జిల్లాలో చేరాయి, దానికే తరువాత ప్రకాశం అన్న పేరు వచ్చింది. తాగేనీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్న ఫ్లోరైడ్ హద్దును ఇక్కడి బోర్లు చాలాచోట్ల ఎప్పుడో దాటాయి. మనిషి పంటి మీద మచ్చగా, వెన్నెముకలో బిగుతుగా ఏళ్ళ తరబడి వ్రాసే రాతనే ఆ నీరు స్పైడర్ ప్లాంటు కొన మీద నెలలో వ్రాసి చూపుతుంది.

అంటే పిల్లికి మంచిదని బయటి లోకం చెప్పిన మొక్క ఈ నీటికి ఓర్వదు, ఈ నీటికి ఓర్చే బిళ్ళగన్నేరు పిల్లికి మంచిది కాదు. ఈ చిక్కు నుంచి బయటపడే దారులు కొన్ని ఉన్నాయి. ఎండాకాలంలో ఏసీ గొట్టం నుంచి బకెట్టులోకి కారే నీరు గాలిలోని తేమే కాబట్టి అందులో ఫ్లోరైడ్ దాదాపు ఉండదు. మిద్దె మీద పట్టిన వాననీరూ అంతే. ఫిల్టరు యంత్రం వదిలేసే నీళ్ళను మొక్కలకు పోస్తే పొదుపు అనుకోవడం మాత్రం పొరపాటు, వడకట్టగా చిక్కబడిన ఫ్లోరైడ్ అంతా దానిలోనే ఉంటుంది. రాతి ఫాస్ఫేటు నుంచి తయారయ్యే సూపర్ ఎరువులోనూ ఫ్లోరైడ్ కలిసే ఉంటుంది, కనుక పొలంలో మిగిలిన సూపర్‌ను కుండీలో చల్లకూడదు. మట్టిలో చిటికెడు సున్నం కలిపితే అందులోని కాల్షియం ఫ్లోరైడ్‌ను కట్టిపడేసి వేళ్ళకు అందనివ్వదు. ఎరువుల సందర్భంలోనే మరొకటి: పొలం నుంచి తెచ్చిన ఆముదం పిండిని కుండీ మట్టిలో కలపడం పిల్లీ కుక్కా ఉన్న ఇళ్ళలో ఎంతమాత్రం పనికిరాదు, వాసనకు ఆశపడి నాకితే అందులోని రిసిన్ చంపేస్తుంది; మిరప తోటకు వాడగా మిగిలిన గుళికల సంగతి చెప్పనే అక్కర్లేదు.

నీరు అసలే అడగని, విషమూ లేని మొక్కలు ఏవీ లేవా అంటే, పైన చెప్పిన సిద్ధాంతానికి పక్కగా నిలిచినవి కొన్ని ఉన్నాయి. దక్షిణాఫ్రికా నుంచి వచ్చిన హవార్తియా చూడడానికి అరచేతిలో ఇమిడే కలబందలా ఉంటుంది, పిల్లికి హాని చేయదు. పుట్టినచోట పొదల నీడలో, మట్టిలో సగం కూరుకుని దాక్కుని బతికే అలవాటు ఉండడం వల్ల కాబోలు, దానికి వేరే కాపలా అంతగా అవసరపడలేదు. మెక్సికో వైపు నుంచి వచ్చిన ఎకెవేరియా కూడా అటువంటిదే. ఎండ బాగా తగిలే వరండా ఉంటే గులాబీ, మల్లె. వంటింటి కిటికీలో కొత్తిమీర. నీళ్ళకు ఇబ్బంది లేని ఇంట్లో అరెకా పామ్, బోస్టన్ ఫెర్న్. జాబితా ఇంతకు పెద్దగా పెరగదు. శ్రీశైలం జలాశయం నుంచి నల్లమల కింద సొరంగాలు తొలిచి నీళ్ళు తెచ్చే వెలిగొండ ప్రాజెక్టు కోసం ఏళ్ళుగా ఎదురుచూస్తున్న సీమలో, ఫెర్న్ కుండీకి రోజూ రెండు చెంబులు పోయడానికి చెయ్యి ఆడకపోవడంలో ఆశ్చర్యమేమీ లేదు.

మట్టి కనిపిస్తే తవ్వి మరుగుదొడ్డిగా వాడుకోవడం పిల్లికి పుట్టుకతో వచ్చిన అలవాటు. దీనికి మార్కాపురంలో దొరికినంత చక్కటి మందు మరెక్కడా దొరకదు. బడి పలకగా ఎన్నో తరాల పిల్లల చేతుల్లోకి వెళ్ళిన ఇక్కడి రాయి, కోట్ల ఏళ్ళ క్రితపు బురద కొండల బరువు కింద నలిగి పొరలు పొరలుగా గట్టిపడినది. ఆ శిలల వరుసకు భూగర్భ శాస్త్రజ్ఞులు కంభం పేరే పెట్టారు. గనుల దగ్గరా యూనిట్ల దగ్గరా పారబోసిన పలక ముక్కలు గుట్టలుగా ఉంటాయి. అరచేతి వెడల్పు ముక్కలను కుండీ మట్టి మీద చేపపొలుసుల్లా ఒకదాని అంచు మీద ఒకటి వచ్చేలా పేరిస్తే, మొక్క మొదలు చుట్టూ వేలెడు సందు మాత్రమే మిగులుతుంది. పిల్లి వచ్చి ఒకసారి కాలితో గీరి, గోరు జారి, కిర్రుమన్న చప్పుడుకు చెవులు వెనక్కి వాల్చి వెళ్ళిపోతుంది. అదే పలక కింద తేమ ఆరకుండా నిలుస్తుంది గనుక నీళ్ళూ కలిసివస్తాయి. అంచులు పదునుగా ఉంటే నీళ్ళలో తడిపి మరో పలక మీద రుద్దుకోవాలి, పొడిగా రుద్దకూడదు. ఆ దుమ్ము పీల్చి ఊపిరితిత్తులు పాడైన పలకల కార్మికుల ఊళ్ళు ఇవి.

చివరికి పిల్లి మనసు పెట్టే మొక్క ఒకటి ఈ నేల మీదే ఉంది, ఏ నర్సరీలోనూ అమ్మరు. కుప్పల మీద మొలిచేదాన్ని కుప్పింటాకు అన్నారు. కొన్నిచోట్ల మురిపిండి అంటారు. తమిళంలో దీనికి పిల్లి వంగి దండం పెట్టేది అని అర్థం వచ్చే పేరు ఉంది, ఆ పేరు పెట్టినవారు కళ్ళతో చూసే పెట్టారు. మొక్క నేలలో ఉన్నంతసేపు పిల్లి పట్టించుకోదు; పీకి వేరు బయటపడితే మాత్రం దాని మీద పడి మూతి రాస్తుంది, దొర్లుతుంది, కాసేపు లోకం మరచిపోతుంది. పాశ్చాత్య దేశాల్లో క్యాట్‌నిప్ చేసే పనే ఇది. 2016లో ఆస్ట్రేలియా రసాయన శాస్త్రజ్ఞులు కుప్పింటాకు వేరు నుంచి వేరుచేసిన రెండు ఆకర్షక పదార్థాలు క్యాట్‌నిప్‌లోని నెపెటలాక్టోన్‌కు చుట్టాలే. ఇలాంటి పదార్థాలను ఒంటికి రాసుకోవడం వల్ల పిల్లికి దోమల బెడద తగ్గుతుందని 2021లో జపాను పరిశోధకులు చూపారు. అయితే దీని ఆకుల్లోనూ జొన్నలో ఉన్నటువంటి సైనైడునిచ్చే పదార్థం ఉంది. అందుచేత దీన్ని కుండీలో పెట్టి ఇంట్లోకి తేవడం కన్నా, కుప్ప మీదే ఉండనిచ్చి, వానలు పడ్డాక ఎప్పుడైనా ఒకటి పీకి, ఆకులు తుంచేసి, వేరు మాత్రం కాసేపు పిల్లి ముందు వేసి తీసేయడం మేలు.

గోధుమ గడ్డి రెండు వారాలకు మించి నిలవదు. కొనలు పండుబారి, వేళ్ళు అల్లుకుని పాత్ర ఆకారంలోనే మందపాటి చాపలా అయిపోతుంది, తిరగేస్తే మట్టితో సహా ఒక్క పెట్టున ఊడి వస్తుంది. అప్పటికి పక్క పాత్రలో కొత్త మొలక లేచి ఉంటుంది కాబట్టి పిల్లి దాన్ని తిరిగి చూడదు. ఆ చాపను వీధి అరుగు మీద పెడితే, సాయంత్రం ఇంటి దారి పట్టిన మేకల్లో ఒకటి ఆగి, వాసన కూడా చూడకుండా, వేళ్ళ దాకా లాగి తిని, మిగిలిన మట్టి ముద్దను ఒకసారి మూతితో దొర్లించి వెళ్ళిపోతుంది.